ఈవీ కారుకి ఇంట్లో మనమే చేసుకోదగ్గ పనులేవి? ఎక్కడ ఆగాలి? (నెక్సాన్ ఈవీ, 30.2 కిలోవాట్-అవర్ బ్యాటరీ)

#1 గోదారి_గట్టు (రాజమండ్రి)

మొదటి తరం నెక్సాన్ ఈవీ, 41,000 కిలోమీటర్లు, నాలుగో ఏడు. ఛార్జింగు ఇంట్లోనే, 15 ఆంపియర్ల సాకెట్టులో. నా దగ్గర మల్టీమీటరు, స్పానర్ల సెట్టు, జాకీ, గాలి పంపు ఉన్నాయి.

"ఇంజనాయిలు లేదు, బెల్టు లేదు, ఈవీకి చేయడానికేముంది" అనే మాట వినీ వినీ విసుగొచ్చింది. నిజంగా చూసుకోవాల్సినవేవి? కొలతలతో సహా చెప్పండి. ఏది ముట్టుకోకూడదో కూడా చెప్పండి.

#2 పదమూడు_వోల్టులు

ముందు హద్దు గీసుకుందాం. బానెట్ ఎత్తితే కనిపించే నారింజ రంగు కేబుళ్లు, అవి వెళ్లి కలిసే డబ్బాలు, కింద బ్యాటరీ పెట్టె, ఇవన్నీ మీ బండిలో 300 వోల్టుల పైమాట డీసీ. బండి ఆపినా ఇన్వర్టరు కెపాసిటర్లలో కాసేపు ఛార్జి నిలిచే ఉంటుంది. వాటి మీద మనం స్పానరు పెట్టం. అంతే.

మిగతాదాంట్లో మొదటి పేరు 12 వోల్టుల చిన్న బ్యాటరీది. ఈవీ ఉన్నచోటే మొరాయించిందంటే నా అనుమానం ముందు దాని మీదికే పోతుంది. పెద్ద బ్యాటరీని బండితో కలిపేది కాంటాక్టర్లనే రిలేలు. వాటిని పట్టి ఉంచేది ఈ 12 వోల్టులే. ఇది పడుకుంటే పెద్దదాంట్లో 90 శాతం ఉన్నా బండి రెడీలోకి (కదలడానికి సిద్ధమైన స్థితిలోకి) రాదు, ఛార్జింగు గన్ను పెట్టినా ఛార్జింగు మొదలవదు. ఇంజను బండయితే సెల్ఫ్ నీరసంగా తిరిగి నాలుగు రోజుల ముందే చెబుతుంది. ఇక్కడ సెల్ఫే లేదు కాబట్టి ఆ కబురు రాదు. నిన్న బాగుంటుంది, ఇవాళ ఉండదు.

కొలిచే పద్ధతి: రాత్రి బానెట్ లాచి తీసి, తాళం వేసి వదిలేయండి. పొద్దున డోరు తీయకుండా కొలవండి. డోరు తీస్తే మాడ్యూళ్లన్నీ మేలుకుని రీడింగు తగ్గిపోతుంది. 12.6 గానీ ఆ పైన గానీ ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 సగం, 12.0 పావు. తర్వాత బండి రెడీలో పెట్టి మళ్లీ కొలిస్తే 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. రాకపోతే పెద్ద బ్యాటరీ నుంచి చిన్నదాన్ని నింపే డీసీ-డీసీ కన్వర్టరు చూడాలి, అది వర్క్‌షాపు పని.

మన ఎండలకి లెడ్ యాసిడ్ బ్యాటరీ మూడు నాలుగేళ్లు. మీది నాలుగో ఏడంటున్నారు, కాబట్టి వోల్టేజీ బాగున్నా బ్యాటరీ షాపులో ఒకసారి లోడ్ టెస్టు చేయించండి.

#3 గోదారి_గట్టు

12.3 వస్తే ఏం చేయాలి? పూర్తిగా పడుకుంటే పక్కింటి కారుతో జంప్ ఇవ్వొచ్చా? నెల రోజులు ఊళ్లో లేకపోతే?

#4 పదమూడు_వోల్టులు

12.3 వస్తే ఓ రెండు గంటలు బండి నడిపి, మర్నాడు మళ్లీ కొలవండి. మళ్లీ 12.3కే జారితే బ్యాటరీ అరిగింది, లేదా ఏదో పరికరం రాత్రంతా తాగుతోంది. ముందుగా ఓబీడీ సాకెట్టులో (బండి లోపాలు చదివే పరికరం పెట్టే చోట) బ్లూటూత్ డాంగిలు మర్చిపోయారేమో చూడండి. తర్వాత డ్యాష్ కెమెరా పార్కింగ్ మోడ్.

జంప్ తీసుకోవచ్చు. ఎరుపు కేబులు పాజిటివ్‌కి పాజిటివ్. నలుపుది అటు వాళ్ల బ్యాటరీ నెగటివ్‌కి, ఇటు మీ బండిలో రంగు లేని గట్టి బోల్టుకి. రెడీ లైటు రాగానే తీసేయండి. తిరిగి మీరు మాత్రం ఇంజను బండికి జంప్ ఇవ్వకండి. స్టార్టరు ఒక్కసారిగా వందల ఆంపియర్లు లాగుతుంది, మన కన్వర్టరు అందుకోసం చేసింది కాదు.

నెల రోజులు నిలపాలంటే పెద్ద బ్యాటరీ 50 శాతం దగ్గర ఉంచి, గన్ను తీసి, బండి ఆపాక 15 నిమిషాలు ఆగి, 10 ఎంఎం స్పానరుతో 12 వోల్టుల నెగటివ్ టెర్మినల్ విప్పండి. బ్యాటరీ మార్చేటప్పుడూ ఇదే వరస: విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. లేదంటే పాజిటివ్ విప్పే స్పానరు బాడీకి తగిలిందా, నిప్పురవ్వలే. కొత్త బ్యాటరీకి ఆంపియర్-అవర్, సైజు, టెర్మినళ్ల దిక్కు మూడూ కలవాలి. ఒకటి గుర్తుంచుకోండి: టెర్మినల్ విప్పితే రిమోట్ పనిచేయదు. కీలో ఉండే ఇనుప తాళం పనిచేస్తోందో లేదో ముందే తిప్పి చూసుకోండి.

#5 ఓరుగల్లు_వైర్‌మన్

బండి సంగతి మస్తు చెప్పిన్రు. గోడ సంగతి ఎవ్వరు చెప్తలేరు. 15 ఆంపియర్ల సాకెట్ల ఛార్జింగ్ అంటే తొమ్మిది పది గంటలు ఆగకుంట లోడ్. గీజర్ పావుగంటల బందయితది, ఇది కాదు. అందుకే ఏండ్ల సంది గీజర్‌కు మంచిగ పనిచేసిన సాకెట్ గూడ కారుకు కాలిపోతది.

ఛార్జింగ్ పెట్టినంక గంటకు ప్లగ్గు మీద చెయ్యి పెట్టుర్రి. గోరువెచ్చగ ఉంటే ఫికర్ లేదు. చెయ్యి ఆనకుంట కాలితే బంద్ చెయ్యుర్రి. టెర్మినల్ స్క్రూ లూజ్ అన్న అయి ఉంటది, లోపల ప్లగ్గు పిన్నును పట్టే ఇత్తడి పత్తీ మెత్తబడన్న ఉంటది. ఎంసీబీ ఆపి, టెస్టర్‌తోని కరెంట్ లేదని చూస్కొని, స్క్రూలు బిగియ్యాలె. ఇత్తడి నల్లవడ్డదంటే బిగిచ్చుడు గాదు, సాకెట్‌నే మార్చాలె. నేనైతే నీలిరంగు ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టుమంట. ఎక్స్‌టెన్షన్ బోర్డు పేరే ఎత్తకుర్రి.

మీటర్ కాడికెళ్లి దానికి ఏరే వైరు గుంజాలె, 4 స్క్వేర్ ఎంఎం రాగి. 7.2 కిలోవాట్ల గోడ ఛార్జర్ అయితే 32 ఆంపియర్లు, 6 స్క్వేర్‌కు తక్కువ వద్దు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే సప్లై బంద్ చేసే స్విచ్చు) ఉండాలె, 'AC' టైపు గాదు, 'A' టైపు. ఛార్జర్‌ల 6 మిల్లీ ఆంపియర్ల డీసీ లీకేజీని పట్టేది లేకుంటే 'B' టైపు.

ఎర్తింగ్: సాకెట్ల ఫేజ్-న్యూట్రల్, ఫేజ్-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మూడు కొలవుర్రి. మొదటి రెండు దగ్గర దగ్గర ఉండాలె. న్యూట్రల్-ఎర్త్ 2, 3 వోల్టుల లోపల ఉంటే మంచిది. మీటర్ ఒక్కదాన్నే నమ్మకుర్రి, ఎర్త్ వైరు సగం తెగినా 230 చూపెడ్తది. ఫేజ్‌కు ఎర్త్‌కు నడుమ 100 వాట్ల బల్బు పెట్టి చూడుర్రి, నిండ వెలగాలె.

#6 పదమూడు_వోల్టులు

వైర్‌మన్ గారూ, మిగతాదంతా ఒప్పుకుంటాను. బల్బు పరీక్ష మాత్రం ఇళ్లల్లో వాళ్లు చేయొద్దు. ఎర్త్ నిజంగా తెగి ఉంటే, బల్బు గుండా ఫేజ్ వచ్చి ఆ ఎర్త్ వైరుకి కలిసున్న ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, గీజరు బాడీలన్నిటి మీదా కూర్చుంటుంది. అదే సమయంలో ఎవరో ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే? పైగా ఆర్‌సీసీబీ ఉంటే బల్బు వెలగక ముందే ట్రిప్ అవుతుంది.

#7 ఓరుగల్లు_వైర్‌మన్

నిజమే, ఒప్పుకుంట. అది ఎలక్ట్రిషియన్ పని. ఇంట్ల సామాన్ల ఎర్తులు విడదీసి, ఎవ్వరిని ముట్టకుంట చేసి, రెండు సెకండ్లు చూస్తం. ఆర్‌సీసీబీ ట్రిప్పయ్యిందంటే ఎర్త్ ఎంతో కొంత ఉన్నట్టే గని, గట్టిగ ఉన్నదో లేదో తెల్వది. దానికి ఎర్త్ టెస్టర్ ఉంటది, ఓముల్లల్ల చూపెడ్తది. ఇంటోళ్లు చెయ్యగలిగేది ఒక్కటే: ఎండకాలంల ఎర్త్ గుంతల వారానికి రెండు బకెట్లు నీళ్లు పొయ్యుర్రి. బొగ్గు, ఉప్పు నింపిన గుంత ఎండితే కరెంట్ భూమిలకు దిగది. ఏప్రిల్, మే నెలల్ల "ఛార్జర్ ఎర్త్ ఫాల్ట్ చూపెడ్తున్నది" అని వచ్చే ఫోన్లల్ల మస్తు గివే.

అపార్ట్‌మెంటోళ్లకు ఒక మాట. జనరేటర్ మీద ఛార్జింగ్ ఎక్కకుంటే బండి ఖరాబ్ అయ్యిందనుకోకుర్రి. కొన్ని సెట్లల్ల న్యూట్రల్‌ను ఎర్త్‌తోని కలపరు, ఛార్జర్ ఒప్పుకోది.

#8 రబ్బరు_వాసన

టైర్లు. మీ బండికి 215/60 ఆర్16. అదే సైజు పెట్రోల్ బండి కంటే బరువెక్కువ, పైగా యాక్సిలరేటరు తొక్కగానే టార్కు మొత్తం ముందు చక్రాల మీద పడుతుంది. అందుకే ముందువి తొందరగా అరుగుతాయి. 8,000 కిలోమీటర్లకోసారి మార్చుకోండి: ముందువి అదే వైపు వెనక్కి, వెనకవి అడ్డంగా మారి ముందుకి. టైరు మీద తిరిగే దిక్కు బాణం ఉంటే మాత్రం వైపు మార్చకూడదు.

గాలి ఎంతో డ్రైవరు డోరు ఫ్రేము మీద స్టిక్కరు చెబుతుంది. బండి మూడు గంటలు ఆగి ఉన్నప్పుడు కొట్టిన గాలే లెక్క. ఎండలో నడిచొచ్చిన టైరులో నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే రాత్రికి తక్కువవుతుంది.

కొత్త టైరు కొనేటప్పుడు ధర కంటే ముందు లోడ్ ఇండెక్సు చూడండి. పక్క గోడ మీద 95 అని ఉంటే ఆ టైరు 690 కిలోలు మోస్తుంది. పాతదాని మీద ఎంతుందో అంతకు తగ్గకూడదు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి వస్తే చట్టప్రకారం ఆ టైరు పని అయిపోయినట్టే. వానాకాలానికి 3 దగ్గరే మార్చడం మేలు.

జాకీ ఎక్కడ పెట్టాలో పంక్చరు షాపులో కూడా చెప్పి చేయించండి. డోర్ల కింద అంచులో గుర్తు ఉన్న చోటే. మధ్యలో చదునుగా గట్టిగా కనిపించేది చాసిస్ కాదు, బ్యాటరీ పెట్టె. అక్కడ జాకీ ఎత్తితే పంక్చరు ఖర్చుతో పోయేది బ్యాటరీ ఖర్చవుతుంది. బోల్టులు ఎదురెదురుగా బిగించి, 50 కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి చూసుకోండి.

#9 ఉప్పుగాలి_విశాఖ

బ్రేకుల్లో ఈవీ తీరు వేరు. రీజెన్ (వేగం తగ్గేటప్పుడు మోటారే బండిని ఆపుతూ బ్యాటరీ నింపడం) వల్ల ప్యాడ్లు అరగవు, అరగకపోవడమే ఇక్కడ చిక్కు. వాడకం లేక డిస్కు తుప్పు పడుతుంది, కాలిపరు (ప్యాడ్లను డిస్కుకి అదిమే భాగం) జారే గైడు పిన్నులు పట్టేస్తాయి. ఒకవైపు పిన్ను పట్టేస్తే లోపలి ప్యాడు అరిగిపోతుంది, బయటిది కొత్తదానిలాగే కనిపిస్తుంది. చక్రం సందులోంచి చూసి "ప్యాడ్లు బాగున్నాయి" అనుకునేవాళ్లు మోసపోయేది ఇక్కడే.

వారానికోసారి, వెనక ఎవరూ లేని ఖాళీ రోడ్డు మీద, రీజెన్ తగ్గించి, 60 నుంచి 20కి గట్టిగా ఓ ఎనిమిది సార్లు బ్రేకు వేయండి. పైపొర తుప్పు పోతుంది. మాలాగా సముద్రం పక్కన ఉండేవాళ్లు వారానికి రెండుసార్లు చేయాలి. బండి కడిగాక కూడా అలాగే నిలపకుండా ఓ కిలోమీటరు తిప్పి బ్రేకులు ఆరబెట్టాలి.

ఏడాదికోసారి ముందు చక్రాలు విప్పి, పిన్నులు బయటికి లాగి, పాత గ్రీజు తుడిచి, సిలికాన్ బ్రేకు గ్రీజు పలచగా రాయండి. మామూలు గ్రీజు వద్దు, దాంట్లో మినరల్ ఆయిలు రబ్బరు బూట్లను ఉబ్బించి పిన్నుని ఇంకా బిగపట్టేస్తుంది. విప్పిన కాలిపరుని బ్రేకు గొట్టం మీద వేలాడదీయకండి, తీగతో స్ప్రింగుకి కట్టండి. ప్యాడు మందం 3 మిల్లీమీటర్లకి వస్తే కొత్తవి. మీ బండికి వెనక డ్రమ్ములు, వాటిని వర్క్‌షాపులో తీయించి దుమ్ము దులిపిస్తే చాలు. వెనక డిస్కులు, ఎలక్ట్రానిక్ హ్యాండు బ్రేకు ఉన్న బండ్లవాళ్లు స్కానరుతో సర్వీసు మోడులో పెట్టకుండా వెనక కాలిపరు ముట్టుకోవద్దు.

బ్రేకు ఆయిలు రెండేళ్లకోసారి, ఎన్ని కిలోమీటర్లు తిరిగినా తిరగకపోయినా. డాట్ 4 కొత్తది 230 డిగ్రీల దాకా మరగదు. తేమ తాగిందంటే అదే 155 డిగ్రీలకి దిగొచ్చు. డబ్బాలో మట్టం కొద్దిగా తగ్గిందని పైన పోయకండి, ప్యాడ్లు అరిగితే అది తగ్గడం మామూలే.

#10 కొత్త_ఈవీ_మేడ్చల్

డిస్కు మీద డబ్ల్యూడీ-40 కొడితే తుప్పు పోతుంది కదా అన్నా? ఇంత కష్టం ఎందుకు?

#11 ఉప్పుగాలి_విశాఖ

తుప్పుతో పాటు బ్రేకు కూడా పోతుంది తమ్ముడూ. అది నూనె. ప్యాడు పీల్చుకుందంటే ప్యాడ్లు పారేయాల్సిందే. డిస్కు తుడవడానికి బ్రేకు క్లీనరు అని విడిగా దొరుకుతుంది, ఆరిపోయే రకం. అది మాత్రమే.

#12 చల్లగాలి_ఏసీ

ఏసీ గురించి ఒక్క విషయం, దయచేసి అందరూ చదవండి. మన ఏసీ కంప్రెసరు బెల్టుతో తిరగదు, పెద్ద బ్యాటరీ కరెంటుతో తిరుగుతుంది. మోటారు చుట్టలు గ్యాసులో, ఆయిలులో మునిగే ఉంటాయి. అందుకని కరెంటుని ఆపే పీఓఈ రకం ఆయిలు వాడతారు. రోడ్డు పక్క మెకానిక్ మెషీనులో పెట్రోల్ బండ్లకి వాడే పీఏజీ ఆయిలు మిగిలి ఉండి, కాస్త మన లైన్లోకి వచ్చినా ఇన్సులేషను దెబ్బ తింటుంది. అప్పుడు ఏసీతో పోదు, ఇన్సులేషను ఫాల్టు చూపి బండే ఆగిపోవచ్చు. లీకు ఆపే మందులు కూడా వేయించొద్దు. "ఈవీకి విడిగా మెషీను ఉందా, ఏ ఆయిలు?" అని అడిగి, జవాబు తడబడితే బండి వెనక్కి తిప్పుకోండి.

మీరు చేయగలిగింది క్యాబిన్ ఫిల్టరు. గ్లవ్ బాక్సు రెండు పక్కలా నొక్కి దించితే వెనకాల పొడవాటి మూత ఉంటుంది. పాతదాని మీద బాణం ఎటుందో ఫోనులో ఫోటో తీసుకుని, కొత్తది అలాగే పెట్టండి. ఏడాదికోసారి, దుమ్ము రోడ్లయితే ఆరు నెలలకే. నీళ్లతో కడిగి మళ్లీ పెట్టకండి, పేపరు తడిసి బూజు వాసన వస్తుంది. ముందు గ్రిల్లు వెనక కండెన్సరుని తోట పైపు ధారతో మెల్లగా కడగండి. ప్రెషర్ గన్ను పెడితే రేకులు వంగిపోతాయి.

కూలెంటు: బండి చల్లారాక మట్టం కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య ఉందా లేదా చూడడం వరకే. ఇంజను లేదు, ఆవిరై తరగదు. తరుగుతోందంటే కారుతోంది. రంగు చూసి ఏదో ఒకటి కొని కలపొద్దు. పూర్తిగా దించి నింపడం ఇంట్లో కుదరదు, పంపుల్ని స్కానరుతో తిప్పించి గాలి బుడగలు తీయాలి. బుడగ నిలిచినచోట బ్యాటరీ చల్లబడదు.

#13 బెజవాడ_బ్యాటరీ

మీది ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ. టియాగో ఈవీ, బీవైడీ అట్టో 3 కూడా అంతే. "80 దాటనివ్వొద్దు" అనేది కోనా లాంటి ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకం బ్యాటరీ) బండ్ల మాట, దాన్ని తెచ్చి వీటికి అంటించకండి. ఎల్‌ఎఫ్‌పీ సెల్లు 20 నుంచి 80 శాతం దాకా దాదాపు ఒకే వోల్టేజీ దగ్గర ఉంటుంది. దాంతో ఎంత మిగిలిందో బీఎంఎస్ (బ్యాటరీని చూసుకునే కంప్యూటరు) అంచనాగానే లెక్క కడుతుంది, రోజులు గడిచేకొద్దీ లెక్క తప్పుతుంది. వారానికోసారి ఇంటి ఛార్జరుతో 100 దాకా పెట్టి, నిండాక ఇంకో గంట గన్ను అలాగే ఉంచండి. సెల్లులు సమం కావడానికి ఆ సమయం కావాలి. ఫాస్టు ఛార్జరు దగ్గర ఈ పని సరిగా జరగదు.

ఓబీడీ యాప్‌లో సెల్లుల తేడా చూసేవాళ్లకి: 50 శాతం దగ్గర, ఏ లోడూ లేనప్పుడు తేడా 20, 30 మిల్లీవోల్టుల్లో ఉంటే నిశ్చింత. 99 శాతం దగ్గర తేడా ఒక్కసారిగా పెరిగి కనిపిస్తుంది. ఆ స్క్రీన్‌షాటు పెట్టి "సెల్లు పోయింది" అని గాభరాపడే పోస్టులు నెలకోటైనా చూస్తున్నాం.

వరద గురించి కూడా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా ఊళ్లో ఎన్ని కార్లు మునిగాయో తెలుసు కదా. బ్యాటరీ పెట్టెకి నీళ్లు చొరబడని ఐపీ67 రేటింగు ఉంటే ఉండొచ్చు, ఆ పరీక్ష మీటరు లోతు నీళ్లలో అరగంట సేపటిది. రాత్రంతా బురదలో నానడం వేరు. పైగా సీట్ల కింద, డ్యాష్ కింద మాడ్యూళ్లకి ఆ రక్షణ లేదు. మునిగిన బండిని ఆన్ చేయకండి, గన్ను పెట్టకండి, ఆరుబయటికి జరపండి. లాగించాలంటే ఫ్లాట్‌బెడ్డే. ముందు చక్రాలు నేల మీద తిరిగితే మోటారు జనరేటరై కరెంటు పుట్టిస్తుంది.

#14 పదమూడు_వోల్టులు

వానాకాలం పేరెత్తారు కాబట్టి ఎలుకలు కూడా. బానెట్ కింద వెచ్చగా, పొడిగా ఉంటుంది. మందు పెట్టకండి, ఏసీ గొట్టంలో చచ్చిందంటే వాసన నెల్లాళ్లు. బోను పెట్టండి, గాలి వచ్చే కంతకి సన్న ఇనుప జాలీ కట్టండి. నల్ల వైరు కొరికితే అతికించుకోవచ్చు. నారింజ కేబులు మీద పంటిగాటు కనిపిస్తే టేపు చుట్టి నడపడం లేదు, ఆపి ఫోను చేయడమే.

#15 గోదారి_గట్టు

అందరికీ ధన్యవాదాలు. ఇవాళ కొలిచినవి: 12 వోల్టుల బ్యాటరీ 12.58, రెడీలో 14.1. కారుకి వాడేది జంట సాకెట్టు, దాంట్లో పక్క సాకెట్టులో మల్టీమీటరు పెట్టి చూస్తే ఫేజ్-న్యూట్రల్ 231, న్యూట్రల్-ఎర్త్ 2 వోల్టులు. ఛార్జింగు మొదలయ్యాక అదే న్యూట్రల్-ఎర్త్ 10 అయింది, ఫేజ్-న్యూట్రల్ 214. కరెంటు 14 ఆంపియర్లు. ప్లగ్గు గోరువెచ్చగా ఉంది. మీటరు నుంచి వైరు 20 మీటర్లు, 4 స్క్వేర్. ఎర్త్ గుంతలో నీళ్లు పోస్తే సరిపోతుందా?

#16 ఓరుగల్లు_వైర్‌మన్

నీళ్లతోని కాదు. ఎర్త్ పోతే లోడ్ లేనప్పుడు గూడ వోల్టేజ్ ఉంటది. మీకు లోడ్ పెడ్తెనే 2 కెల్లి 10 అయ్యింది, అంటే న్యూట్రల్ వైరుల 8 వోల్టులు పోతున్నయ్. 14 ఆంపియర్లకు 8 వోల్టులంటే 0.57 ఓం. 4 స్క్వేర్ రాగి 20 మీటర్లకు 0.09 ఓం, 1.3 వోల్టులే పోవాలె. మిగిలింది యాడనో ఒక్క జాయింట్ల పోతే, ఆ జాయింట్ 90 వాట్లకు పైనే కాగుతున్నదన్నట్టు, రాత్రంత. అది బాగయ్యేదాంక ఛార్జింగ్ బంద్ పెట్టుర్రి, లేదంటే ఛార్జర్ల కరెంట్ తగ్గించే సౌలత్ ఉంటే తగ్గించుర్రి.

ఎలక్ట్రిషియన్‌ను పిలిచి, మెయిన్ ఆపిచ్చి, డీబీ (ఎంసీబీలు ఉండే డబ్బా) లోపల న్యూట్రల్ లింక్ స్క్రూలు, ఆర్‌సీసీబీ కింద న్యూట్రల్ స్క్రూ, మీటర్ కాడి కటౌట్ (మెయిన్ ఫ్యూజ్ డబ్బా), గివి మూడు జూపియ్యుర్రి. ఇన్సులేషన్ పసుపుపచ్చగ మాడి ఉంటే ఆ ముక్క కోసి కొత్త లగ్గు కొట్టిచ్చాలె, మాడిన తీగను మళ్ల బిగిస్తే ఆర్నెల్లకు మళ్ల గదే. ఫేజ్ వైపు స్క్రూలు గూడ చూపియ్యుర్రి, 17 వోల్టులు పడ్డయంటే ఆ దిక్కు గూడ 9 పోతున్నయ్. మూడు సాఫ్ ఉండి గూడ రీడింగ్ గట్లనే వస్తే లోపం స్తంభం కాడ ఉన్నది. కరెంటోళ్ల ఫిర్యాదు నంబర్ 1912కు కొట్టి "న్యూట్రల్ లూజ్" అని రాపిచ్చుర్రి. ఉత్తగ "లో వోల్టేజ్" అని రాపిస్తే ట్రాన్స్‌ఫార్మర్ జూసి పోతరు. బిగిచ్చినంక మళ్ల లోడ్ పెట్టి రెండు రీడింగులు ఈడ పెట్టుర్రి.